సర్క్యూట్ అచ్చువేసిన పత్రికలు

1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ అనే బ్రిటిష్ పత్రిక డి.టి.ఎన్. విలియమ్సన్ అనే ఇంజినీర్ రూపొందించిన ఒక వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) ఆంప్లిఫయర్ డిజైన్‌ను ప్రచురించింది. శక్తి 15 వాట్లు, డిస్టార్షన్ (సిగ్నల్ రూపం చెడటం) 0.1 శాతానికి లోపే. ఆ రోజుల్లో అది చాలా గొప్ప సంగతి. సర్క్యూట్ బొమ్మతో ఊరుకోకుండా, వాల్వుల నుంచి స్పీకర్‌కు సిగ్నల్ అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగ ఎలా చుట్టాలో కూడా ఆయన వివరంగా రాశారు. అది చదివి ఎన్నో దేశాల్లో జనం సొంతంగా ఆంప్లిఫయర్లు కట్టుకున్నారు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద అంత పట్టింపు ఎందుకంటే, ఆ డిజైన్ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ మీద ఆధారపడింది. 1927లో బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్ టెలిఫోన్ లైన్ల కోసం కనిపెట్టిన ఉపాయమిది. బయటికొచ్చే సిగ్నల్లో కొంత భాగాన్ని తలకిందులు చేసి మళ్లీ లోపలికి పంపితే, ఆంప్లిఫయర్ తనంతట తాను కలిపిన కల్తీ చాలావరకు రద్దయిపోతుంది. కానీ తిరిగొచ్చే సిగ్నల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ ఆలస్యం చేస్తే, రద్దు కావాల్సింది కాస్తా తోడై ఆంప్లిఫయర్ తానే కూతపెడుతుంది. వాల్వులంటే ‘వెచ్చని శబ్దం’ అని ఇప్పుడు మురిసిపోతాం గానీ, విలియమ్సన్ లక్ష్యం శబ్దానికి తనదంటూ ఏదీ కలపకపోవడమే.

పాత హైఫై మీద మమకారానికి యవ్వనపు జ్ఞాపకాలు ఒక కారణమే. అంతకన్నా, ఆ పెట్టెలో ఏం జరుగుతోందో మామూలు పాఠకుడు కూడా అర్థం చేసుకోగలగడమే దాని అసలు ఆకర్షణ అని నా అభిప్రాయం. రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను ముందుగా పెంచి సరిచేసే పెట్టె ప్రీఆంప్. పాత ప్రీఆంప్ ముందువైపు ఉండే నాబ్‌లనే చూడండి. బేస్ స్వరాలను ఉన్నవున్నట్టు చెక్కితే రికార్డు మీద గాడి మరీ వెడల్పుగా ఊగి పక్క గాడిని తాకుతుంది. అందుకే చెక్కేటప్పుడు బేస్ తగ్గిస్తారు, ట్రెబుల్ పెంచుతారు. వినేటప్పుడు ప్రీఆంప్ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తుంది: బేస్‌ను తిరిగి నింపుతుంది, ట్రెబుల్‌ను దించుతుంది. దాంతోపాటే సూది గీసుకునే బుసబుస కూడా అణిగిపోతుంది. ఈ సర్దుబాటు 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్, అంటే వోల్టేజీలో పది రెట్లు! ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది మొదట్లో ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పాటించేది. రికార్డును బట్టి నాబ్ తిప్పుకోవాల్సి వచ్చేది. 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం (ఆర్‌ఐఏఏ) ప్రమాణం వచ్చాక క్రమంగా ఆ నాబ్ అవసరం తీరిపోయింది.

ఇప్పుడు పాత సెట్ కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. దశాబ్దాల తర్వాత మీరు వినేది అది కొత్తలో పలికిన పలుకు కాకపోవచ్చు. విద్యుత్ చార్జిని నిల్వచేసే ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లు లోపల ఎండిపోతాయి, హమ్ అనే గుయ్‌మనే మోత మొదలవుతుంది. స్పీకర్ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది. ‘ఒరిజినల్’ అన్న పేరుతో చచ్చిన కెపాసిటర్లను అలాగే ఉంచేవాళ్లున్నారు. నేను మాత్రం మార్చేయమంటాను. డిజైనర్ వినిపించాలనుకున్నది సంగీతాన్నే తప్ప ఆ హమ్‌ను కాదు. అయితే తెలిసినవాళ్లతోనే చేయించండి. వాల్వ్ ఆంప్లిఫయర్లలో వందల వోల్టులుంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండొచ్చు. ఏళ్ల తరబడి మూలన పడున్న సెట్‌ను తెచ్చిన వెంటనే స్విచ్ వేయొద్దు.