ఈ గుంటకి మాటలెన్ని వచ్చు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి చివరింట్లో రెండేళ్ళు నిండిన గుంట ఒకతె ఉంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అమ్మమ్మ దగ్గర దానికి నీళ్ళు, పువ్వు, పిల్లి. అంగన్‌వాడీ దీదీ దగ్గర అవే ఒడియాలో పాణి, ఫులొ, బిలేయి. మాటలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూపిద్దామని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, అక్కడ ఒడియా మాటల జాబితా పెట్టుకుని అడిగారు. సగం మాటలకి పిల్ల నోరు విప్పలేదు. మాటలు ఆలస్యం అని రాసేసి, ఇంట్లో తెలుగు మానేయండి అన్నారు. తల్లికి వారం రోజులు టెన్షన్. అమ్మమ్మ మాత్రం, "తెలుగు మానీసి దాంతో నాను ఏటి మాటాడాల?" అంది.

శాస్త్రం అమ్మమ్మ పక్షమే. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటలు ఆలస్యం కావు. తేడా వచ్చింది లెక్కపెట్టే తీరులో.

రెండేళ్ళకి సుమారు 50 మాటలు రావాలనీ, "అమ్మా రా", "పాలు కావాలి" లాగా రెండేసి కలిపి అనాలనీ ఒక అంచనా. మన గుంటకి తెలుగులో 30, ఒడియాలో 30 వచ్చుననుకుందాం. ఏ ఒక్క జాబితాతో చూసినా తప్పుతుంది. రెండూ కలిపితే 60. నీళ్ళు-పాణి లాంటి జంటలు పది ఉంటే, వాటిని ఒక్కోటిగానే లెక్కేసినా 50 వస్తువులకి దాని దగ్గర పేర్లున్నాయి. అమెరికాలోని మయామీలో ఇంగ్లీషు, స్పానిష్ రెండూ వింటూ పెరిగే పిల్లల్ని బార్బరా పియర్సన్ బృందం ఇలాగే చూసి 1993లో ప్రచురించింది. రెండు భాషల మాటలూ కలిపి చూస్తే ఆ పిల్లలు ఒక్క భాష పిల్లలకి వెనకబడి లేరు.

మాటలు లెక్కపెట్టడం ఇంకా సులువే. ఆ మాట ఎలా అన్నారన్నది చూడ్డం కష్టం. మన వాడుకలో భయం చాలామంది నోట 'బయమే'. ఆ ఇంటి పిల్ల ఒడియాలో అన్నాన్ని భాతొ అనక బాతొ అంటే ఉచ్చారణ దోషమని రాయకూడదు. ఒడియా క్రియలో ఆడా మగా తేడా లేదు, కాబట్టి ఒడియా ఎక్కువ వినే పిల్ల "నాన్న వచ్చింది" అన్నా కంగారు పడక్కర్లేదు. ఇక "లేదు"కి బదులు "నేదు" అనేది మా ప్రాంతపు తెలుగు. పుస్తకాల తెలుగు కాదు, జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి టీచరుగా పనిచేసిన ఊరు ఇది. ఇక్కడ "నేదు"కి మార్కులు కోస్తే ఎలా?

కొన్ని తప్పులైతే మంచి వార్తలే. పిల్ల చెట్లు అనకుండా "చెట్టులు" అంటుంది, బళ్ళు అనకుండా "బండిలు" అంటుంది. పెద్దవాళ్ళెవరూ అలా అనరు. అంటే విన్నది అప్పగించడం లేదు, 'లు' చేర్చాలన్న నియమం తనే పట్టేసింది. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు దీన్నే పరీక్షగా మలిచింది. పిట్టలాంటి బొమ్మ గీసి, దానికి వగ్ అని లేని పేరు పెట్టి, ఇప్పుడు రెండున్నాయి, ఏమంటావ్ అని అడిగింది. ఎప్పుడూ వినని మాటకీ పిల్లలు బహువచనం చెప్పారు. మీరూ ఏదో వింత జంతువు గీసి గిమ్ము అని పేరు పెట్టి నాలుగేళ్ళవాణ్ణి అడిగి చూడండి, "గిమ్ములు" అంటాడేమో.

మరి నిజంగా భయపడాల్సింది ఎప్పుడు? ఏడాది నిండినా బబబ, దదద లాంటి ఊసులు లేకపోయినా, వేలితో చూపించకపోయినా. 16 నెలలకి ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోతే. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా ఆలస్యం చేయకూడదు. అసలు ఇబ్బంది ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఒక్క భాషలోనే తడబడుతుంటే, ఆ భాష ఎంత వింటోందో ముందు అడగాలి. కొత్త మాట ఒకటి ఆటలో నేర్పి, కాసేపాగి అడిగి చూడ్డం ఇంకో మంచి దారి. ఎంత వచ్చు అని కాదు, ఎంత తొందరగా పట్టుకుంటోంది అని తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు చెవులు. జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరినా వినికిడి తగ్గుతుంది, పిల్ల సగం సగం వింటుంది. చెవిలో నూనె పోసి ఊరుకుంటే లాభం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించే బృందాలు అంగన్‌వాడీలకి వస్తాయి. వాళ్ళు వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరితో ఏ భాష, రోజులో ఎంతసేపు అన్నది తల్లే ముందుగా చెప్పేస్తే సగం గొడవ తప్పుతుంది.

మొన్న డాబా మీద ఆ గుంట ఆకాశంలోకి వేలు చూపించింది. మనకి చందమామ, ఒడియా వాళ్ళకి జొహ్నొమాము. రెండిళ్ళలోనూ ఆయన మేనమామే. ఇది రెండూ కలిపేసి "జొహ్నమామ" అంది. ఏ జాబితాలో రాయాలో నాకింకా తేలలేదు.