సన్‌రూఫ్ పగిలితే పుదుపేట దాకా ఎందుకు

ముందద్దం పగిలిన కారు పొద్దున నెల్లూరు ఆటోనగర్‌కి పోతే మధ్యాహ్నం భోజనాల వేళకి కొత్త అద్దంతో బయటికొస్తుంది. తలుపు అద్దమైతే ఇంకా తొందర. అదే పదేళ్ళ బండికి పైకప్పు మీది అద్దం పోయిందనుకోండి, షాపువాళ్ళు ముందు అడిగే మాట ఒకటే: "సామాను మీరు తెచ్చుకుంటారా?" కావలిలో అయినా ఒంగోల్లో అయినా ఇదే ప్రశ్న. షోరూంలో అడిగితే కొన్ని మోడళ్ళకి పలక విడిగా వస్తుంది కానీ వారాల తరబడి ఆగాలి, కొన్నింటికి పలక, పట్టాలు, మోటారు కలిసిన యూనిట్ మొత్తం కొనాలి. చివరికి చాలామంది చెన్నై రైలెక్కి పుదుపేట పాత సామాన్ల సందుల్లో తేలతారు.

కారు నెత్తిన కిటికీ పెట్టాలన్న ఆలోచన చలిదేశాలది. ఎండ కనపడితే పండగ చేసుకునే చోట, ఏసీ లేని రోజుల్లో పుట్టింది. 1930ల్లో జర్మనీలో వెబాస్టో కంపెనీ మడతపెట్టే గుడ్డ కప్పులు చేసింది. అమెరికాలో నాష్ కంపెనీ తన 1937 మోడల్ కార్లకి జారే రేకు కప్పు ఇచ్చింది. రేకు స్థానంలోకి గాజు రావడం తర్వాతి మాట. 1973లో ఫోర్డ్ తన లింకన్ కాంటినెంటల్ మార్క్ 4కి రంగు గాజు పలక పెట్టి దానికి మూన్‌రూఫ్ అని పేరు పెట్టింది.

ఆ రేకు కప్పుల నాటి నిర్ణయం ఒకటి ఇప్పటికీ మన మెకానిక్కుల్ని ఏడిపిస్తోంది. జారే కప్పు చుట్టూ సందు ఉండక తప్పదు, ఆ సందులో నీళ్ళు పూర్తిగా ఆపడం కుదరదు. కాబట్టి నీళ్ళని ఆపే పని మానేసి, దిగిన నీళ్ళని పట్టి బయటికి పంపే ఏర్పాటు చేశారు. గాజు అంచున ఉండే రబ్బరు బీడింగ్ వానలో చాలాభాగాన్ని అడ్డుకుంటుంది. మిగిలింది కింద ఉన్న తొట్టిలో పడుతుంది. తొట్టి మూలల నుంచి సన్న గొట్టాలు దిగుతాయి. ముందు రెండూ ముందద్దం పక్క స్తంభాల్లోంచి దిగి తలుపు కీళ్ళ దగ్గరో బురదరేకు వెనకో తేలతాయి. వెనక రెండూ డిక్కీ పక్క స్తంభాల్లోంచి బంపర్ వైపు పోతాయి. ఇది తెలియనివాళ్ళు బీడింగ్ చుట్టూ సిలికాన్ పూస్తారు. నీళ్ళు అప్పటికీ ఏదో మూల దిగుతాయి, పలక మాత్రం ఇక కదలదు. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ కింద ఉన్న లోహాన్ని తుప్పు పట్టిస్తుంది.

గాజు కథ ఇంకా పాతది. ఫ్రాన్సులో ద లా బాస్తీ అనే ఆయన 1874లో గాజుని గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి పద్ధతిలో గాజుని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, వంపు తిప్పి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైచర్మం ముందు గట్టిపడి, తర్వాత చల్లారే లోపలి భాగం దాన్ని లోపలికి లాక్కుంటుంది. దాంతో చర్మం ఎప్పుడూ నొక్కుడులో, కడుపు ఎప్పుడూ లాగుడులో ఉంటాయి. 4 మిల్లీమీటర్ల పలకలో ఆ చర్మం మందం ఒక్కో వైపు సుమారు 0.8 మిల్లీమీటర్లు. గీత ఆ లోతు దాటిందా, పలక మొత్తం ఒకేసారి రవ్వలవుతుంది. ఇలా గట్టిపరిచాక (దీన్నే టఫెన్ చెయ్యడం అంటారు) ఆ గాజుని కొయ్యడం, చిల్లు పెట్టడం, అంచు అరగదియ్యడం కుదరనిది అందుకే. ఊళ్ళో గాజు కోసేవాళ్ళు ఎంత పనిమంతులైనా ఇక్కడ చెయ్యగలిగింది లేదు. ఏ మోడల్ వంపు ఆ మోడల్ అచ్చులోనే రావాలి.

ఇందులో చిన్న తమాషా ఉంది. గూడూరు దాటి చిల్లకూరు, కోట వైపు తీరంలో దొరికే సిలికా ఇసుక గాజు పరిశ్రమకే పోతుంది. శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ ఫ్లోట్ గాజు ఫ్యాక్టరీ 2000లో మొదలైంది. ముడిసరుకు పెరట్లోనే, ఫ్యాక్టరీ పక్క రాష్ట్రంలోనే. అయినా పాత బండి పై అద్దం మాత్రం దొరకదు. ఎందుకంటే అది ఉత్త గాజు కాదు. పలక చుట్టూ పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ అంచు పోతపోసి, అందులోనే బిగింపు పట్టీలు, మరల గూళ్ళు కూర్చేస్తారు. కొన్ని బళ్ళలో గాజుని లోహపు ఫ్రేముకి గమ్ముతో అతికిస్తారు. పాత ఫ్రేము గీకి కొత్త గాజు అతికిస్తామని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఎత్తులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా గాలి ఈల వేస్తుంది. గమ్ము సరిగ్గా పట్టకపోతే పలక హైవే మీద లేచిపోతుంది.

మన దేశానికి ఈ పైకప్పు కిటికీ సరదా ఏసీ వచ్చి స్థిరపడ్డాక వచ్చింది, అంటే గాలి అవసరం తీరిపోయాక. మొదట ఖరీదైన బళ్ళకే ఉండేది. 2014 హోండా సిటీ, 2015 ఎక్స్‌యూవీ 500, 2017 వెర్నా, డబ్ల్యూఆర్‌-వి, 2018 క్రెటా వరసగా దాన్ని మధ్యతరగతి ఇంటి ముందుకి తెచ్చాయి. మారుతి అయితే 2022 బ్రెజా దాకా ఆగింది. చాలా ఏళ్ళపాటు ఈ యూనిట్లు చాలావరకు దిగుమతే. ఇనాల్ఫా, గాబ్రియెల్ కంపెనీలు కలిసి చెన్నై దగ్గర పెట్టిన ప్లాంటు 2024లో మొదలైనా అది కొత్త బళ్ళకి పనికొచ్చేది. పదేళ్ళనాటి పలకకి అచ్చు బయటికి తీసి మళ్ళీ ఎవరూ పొయ్యరు. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరగకూడదన్నాక ఎన్‌ఓసీ పట్టుకుని దక్షిణానికి దిగిన పెద్ద కార్లు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. వాటి సామాను ఇక్కడ మరీ అరుదు.

ఇక పగలడం. రోహిణి కార్తె ఎండకి పగిలిందని చాలామంది అంటారు. నిజానికి దెబ్బలేని టఫెన్ గాజు 200 డిగ్రీల తేడాని కూడా తట్టుకుంటుంది. ఎండలో నిలిపిన బండి మీద చెంబెడు నీళ్ళు పోస్తే పగలడానికి అది సీసా కాదు. ఎండ చివరి దెబ్బ మాత్రమే, మొదటి దెబ్బ అంతకుముందే పడి ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ లారీలు, కృష్ణపట్నం వైపు తిరిగే టిప్పర్లు విసిరే కంకర అంచున ఆవగింజంత పెచ్చు లేపుతుంది. వారమో నెలో గడిచాక, తలుపు గట్టిగా వేసినప్పుడో మిట్టమధ్యాహ్నం ఆగి ఉన్నప్పుడో టప్పుమంటుంది. ఎవరూ రాయి వెయ్యలేదంటారు, ఆ నిమిషానికి అది నిజమే. అరుదుగా గాజులోనే ఇరుక్కున్న నికెల్ సల్ఫైడ్ రవ్వ కాలక్రమేణా ఉబ్బి పగలగొడుతుంది. కప్పు చాలాభాగం పరుచుకునే పెద్ద పానోరమిక్ పలకల మీద చుట్టూ కాల్చి అద్దే నల్ల పూత గాజుని బలహీనం చేస్తుందన్న వాదన కూడా ఉంది. అమెరికాలో 2011-13 కియా సొరెంటో పై అద్దాల మీద అక్కడి రహదారి భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది 2013లో.

పగిలిన వెంటనే స్విచ్ నొక్కకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. రవ్వలు పట్టాల్లో పడి ఉండగా మోటారు తిప్పితే పలకని లాగే కేబుల్ పళ్ళు పోతాయి. అప్పటిదాకా పలక ఖర్చే, ఆ తర్వాత యూనిట్ ఖర్చు. లోపలి తెర మూసి ఉంటే అలాగే ఉంచాలి, పైన నిలిచిన రవ్వల్ని అదే పట్టుకుంటుంది. పై నుంచి వెడల్పాటి టేపు అడ్డంగా నిలువుగా అంటించి, దాని మీద మందపాటి పాలిథిన్ కప్పాలి. బ్రౌన్ టేపు నేరుగా పెయింటు మీద వేస్తే మన ఎండకి జిగురు ఊడదు. ముందు పెయింటర్ల మాస్కింగ్ టేపు వేసి దాని మీద వెయ్యాలి. ఈ కప్పుతో ఊళ్ళో నెమ్మదిగా తిరగవచ్చు, హైవే ఎక్కకూడదు.

రవ్వలు ఊడ్చేముందు గాజు మీద ముద్ర ఉన్న ముక్కని వెతికి దాచుకోవాలి. తయారీదారు పేరు, ఐఎస్ఐ లేదా ఇంగ్లీషు E అక్షరం ముద్ర, తేదీ గుర్తు అన్నీ ఆ మూలే ఉంటాయి. పాత అంచు ఫ్రేముని కూడా పారెయ్యకండి. పుదుపేటలో బేరం మొదలయ్యేది దాంతోనే. నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు పోయి, పేరు ఒకటే అయి మరలు నాలుగు బదులు ఆరు ఉన్న పలక తెచ్చుకున్నవాళ్ళు కొందరు కాదు. ఛాసిస్ నంబరు, మరల లెక్క, రంగు, నాలుగు వైపుల కొలతలు చేతిలో ఉండాలి. పాత పలక కొనేటప్పుడు అంచు వెంట గోరు నడపాలి. ఎక్కడైనా గోరు తగులుకుంటే వదిలెయ్యడమే, ఆ పెచ్చే రేపటి పగులు. పోతపోసిన అంచు గాజుని వదిలిందేమో, మరల గూళ్ళు ఆడుతున్నాయేమో చూడాలి. తెచ్చేటప్పుడు బొంత మీద నిలువుగా, అంచు మీద బరువు పడకుండా.

బిగించే పని గంటలో అయిపోతుంది, శుభ్రం చెయ్యడానికే పూట పడుతుంది. వాక్యూమ్‌తో తొట్టి, పట్టాలు, తెర దారి మొత్తం లాగాలి. పట్టాల్లోని పాత గ్రీజు పూర్తిగా తుడిచెయ్యాలి, గాజు పొడి కలిసిన గ్రీజు ఆకురాయిలా అరగదీస్తుంది. కొత్తది పల్చగా, ప్లాస్టిక్‌ని తినని సిలికాన్ రకం రాయాలి, బేరింగుల గ్రీజు పనికిరాదు. గొట్టాల మూతుల్లో రవ్వలు పడితే వేళ్ళతో, పటకారుతో ఏరాలి. కంప్రెసర్ గాలి కొట్టారంటే లోపల ఎక్కడో అతుకు ఊడుతుంది, దాన్ని మళ్ళీ తగిలించాలంటే సీలింగ్ మొత్తం దించాలి. బైకు బ్రేకు వైరు దూర్చడం మన షాపుల్లో అలవాటు. చివర పురి విడిన వైరు గొట్టాన్ని గీరేస్తుంది, గడ్డి కోసే మిషన్ నైలాన్ తీగ మేలు.

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తిన్న బళ్ళలో పలకని పట్టి ఉంచే చిన్న స్టార్ మరలు అల్యూమినియంలో పట్టేసి ఉంటాయి. ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి, అరగని బిట్‌తో నిటారుగా నొక్కి తిప్పాలి. కొత్త పలక పెట్టాక మరలన్నీ వదులుగా బిగించి, ఎత్తు సరిచూసి, అప్పుడే బిగువు. ముందంచు రేకుకి సమానంగా లేదా ఒక మిల్లీమీటరు కిందకి, వెనకంచు సమానంగా లేదా ఒక మిల్లీమీటరు పైకి. ముందంచు పైకి లేస్తే గాలి మోత. చేత్తోనే బిగించాలి, గన్ పెట్టారంటే ప్లాస్టిక్ గూడు చిట్లుతుంది. ఆఖరున మోటారుకి కొత్త పలక కొలత నేర్పాలి. చాలా బళ్ళలో మూసే వైపు స్విచ్ అలాగే నొక్కి పట్టుకుంటే పలక ఒక చుట్టు తెరుచుకుని మూసుకుంటుంది, పట్టుకునే సమయం మోడల్‌ని బట్టి. ఇది చెయ్యకపోతే సగంలో ఆగి వెనక్కి పోతుంది, పలకదే తప్పంటూ షాపుతో గొడవ మొదలవుతుంది.

ఖరీదు గురించి అయోమయం ఎక్కువ. సొంత నష్టం పాలసీ ఉంటే గాజు భాగానికి తరుగుదల కొయ్యరు, బండికి ఎన్నేళ్ళయినా సరే. రబ్బరు, ప్లాస్టిక్ మీద 50 శాతం, ఐదేళ్ళు దాటి పదేళ్ళ లోపు బండి లోహ భాగాల మీద 40 శాతం కోస్తారు. అందుకే అంచనాలో పలక, బీడింగ్, పట్టాలు ఏది విడిగా ఎలా రాశారన్నది చూసుకోవాలి. 1500 సీసీ లోపు బండికి 1000 రూపాయలు, ఆ పైన 2000 మనమే పెట్టుకోవాలి, నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్న పాత బండికి ఇవేవీ వర్తించవు. దొరకలేదని పాలీకార్బొనేట్ షీటు కోయించి పెట్టడం ఇంకో దారి. ఎండకి పసుపుబారుతుంది, గీతలు పడుతుంది, వేడికి గాజు కంటే ఎన్నో రెట్లు సాగి మరల దగ్గర చిట్లుతుంది. షెడ్డులో ఉండే బండికి నెల రోజులు నడవచ్చు.

మే నెలలో వేసిన పలక సంగతి అక్టోబరు దాకా బయటపడదు. ఇక్కడి వానలో ఎక్కువ భాగం నైరుతిది కాదు, ఈశాన్య రుతుపవనాలది. వాయుగుండం పడితే రెండు రోజుల్లో కుమ్మరిస్తుంది. కాబట్టి డబ్బు లెక్కపెట్టకముందే షాపు ముందే పలక తెరిచి, తొట్టి నాలుగు మూలల్లోనూ చిన్న గ్లాసెడు నీళ్ళు నెమ్మదిగా పొయ్యాలి. రెండు ముందు చక్రాల వెనకా, రెండు వెనక బంపర్ పక్కనా ధార కనపడాలి. ఏదైనా మూల నీళ్ళు నిలిచి, కింద నేల పొడిగా ఉంటే, అవి ఎటు పోతున్నాయో చూడటానికి ఆ పక్క కాలి మ్యాట్ ఎత్తండి. ఏసీ గొట్టం మూసుకున్నా మ్యాట్ తడుస్తుంది, కానీ ఆ నీళ్ళు తేటగా ఉంటాయి. పైనుంచి దిగినవైతే ఎర్రమట్టి, గాజు పొడి కలిసి ఉంటాయి.