పంచదార తగ్గిస్తే బ్రౌనీ ఎందుకు ఎండిపోతుంది?

గాజువాక నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పిల్లల పళ్లు పాడవుతాయని బ్రౌనీలో పంచదార సగమే వేశాను. తీపి తగ్గుతుందని తెలుసు. ముక్క గట్టిగా, పొడిపొడిగా ఎందుకొచ్చిందండీ?"

చాలా మంచి ప్రశ్న. పంచదార అంటే తీపి, శక్తి అని బడిలో చెప్పి వదిలేస్తారు. అది నీటిని పట్టి ఉంచుతుందన్న మాట ఎవరూ చెప్పరు. బ్రౌనీ మెత్తదనమంతా అక్కడే ఉంది. కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను.

వానాకాలంలో మన విశాఖ వంటిళ్లలో ఒకసారి చూడండి. అనకాపల్లి బెల్లం డబ్బాలోనే చెమ్మగిల్లి, అడుగున పాకంలా కారుతుంది. పక్క డబ్బాలో పంచదార మాత్రం పొడిగానే ఉంటుంది. రెండింటికీ తగిలే గాలి ఒక్కటే కదా! పంచదార అంటే సుక్రోజ్ స్ఫటికాలు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో తేమ సుమారు 85 శాతం దాటితే గాని అవి నీటిని లాక్కుని కరగవు. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెరకి 62 శాతం చాలు. చెరకు రసం కాగేటప్పుడు కొంత సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా మారి బెల్లంలో ఉండిపోతుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో తేమ 70 శాతం దాటడం మామూలే. అంటే ఫ్రక్టోజ్ హద్దు దాటేసింది, సుక్రోజ్ హద్దు ఇంకా రాలేదు. అందుకే బెల్లమే కారుతుంది. ముసురు పట్టి తేమ ఇంకా పెరిగితే పంచదారా ముద్ద కడుతుంది.

బ్రౌనీ పిండిలో కరిగిన పంచదార సంగతి వేరు. ఒక్కో సుక్రోజ్ అణువుకు 8 హైడ్రాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) ఉంటాయి. అవి హైడ్రోజన్ బంధాలతో నీటి అణువులను పట్టుకుంటాయి. అదే నీరు మైదాలోని ప్రొటీన్‌కు గ్లూటెన్ అనే సాగే వలగా అల్లుకోవడానికి కావాలి, పిండి పదార్థం (స్టార్చ్) ఉబ్బడానికి కావాలి. మామూలు నీటిలో గోధుమ పిండి పదార్థం 60 డిగ్రీల చుట్టుపక్కల ఉబ్బడం మొదలవుతుంది. చిక్కటి పంచదార ద్రావణంలో 80 దాటినా కదలకపోవచ్చు. గుడ్డు గట్టిపడటమూ ఆలస్యమవుతుంది. అంచులు గట్టిపడినా నడిమి భాగం మెత్తగా మిగిలేది ఇందుకే. పంచదార సగం చేస్తే, విడిగా ఉన్న నీటిని మైదా తాగేస్తుంది. ముక్క బ్రెడ్డులా బిగుస్తుంది.

గరిటె ఒకే వైపు తిప్పాలని చాలామంది పట్టుబడతారు. గ్లూటెన్‌కు కుడి ఎడమలు తెలియవు. మైదా వేశాక ఎంతసేపు కలిపారన్నదే లెక్క. పొడి కనపడకుండా పోగానే ఆపేయండి.

ఆ పాఠకురాలికి నా సలహా: పంచదార తగ్గించకండి, ముక్క చిన్నది కోయండి. పంచదారలో పావు వంతు తీసేసి, అంతే బెల్లం తురిమి గోరువెచ్చటి వెన్నలో కలిపి చూడండి. మర్నాటికీ మెత్తగా ఉంటుంది. పైన మెరిసే పెళుసు పొర మాత్రం కొంత పోతుంది. ఎలాగూ మన తేమకు అది సాయంత్రానికే మెత్తబడుతుంది. పుల్ల గుచ్చితే తడి పలుకులు అంటుకునేటప్పుడే ఓవెన్‌లోంచి తీసేయండి, మిగతా పని పళ్లెం వేడి చేస్తుంది.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఉడికిన పిండి పదార్థం మళ్లీ వరుస కట్టి బిగుసుకోవడం ఆ చలిలోనే వేగంగా జరుగుతుంది. గాలి చొరబడని డబ్బాలో పెడితే రెండు రోజులు బాగుంటుంది. అంతకు మించి దాచాలంటే ముక్కలు విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి.