రెండున్నర సెకన్ల పువ్వు

దీపావళి రాత్రి తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతుంటే ఒక మలుపు దగ్గర తిరుపతి ఊరంతా కింద పరుచుకుని కనిపిస్తుంది. మిద్దెల మీద చిన్న చిన్న వెలుగుపూలు విచ్చుకుని ఆరిపోతుంటాయి. చప్పుడు మాత్రం అంత పైకి రాదు. ఒకసారి బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మా అక్క కూతురు అడిగింది. "మామా, కింద నిలబడి చూస్తే గుండ్రంగా ఉంటాయి కదా. పైనుంచి చూసినా గుండ్రంగానే ఉన్నాయే, అదెట్ల?"

ఆకాశంలో పూసేది పళ్ళెం కాదు, బంతి. ఎటునుంచి చూసినా బంతి గుండ్రంగానే కనిపిస్తుంది. స్కై షాట్ లోపల చిన్న చిన్న మందు గుళికలుంటాయి. పైకెళ్ళి పేలినప్పుడు అవి అన్ని దిక్కులకూ ఇంచుమించు ఒకే వేగంతో చిమ్ముకుంటాయి. భూమి వాటన్నిటినీ ఒకేలా కిందికి లాగుతుంది కాబట్టి బంతి మొత్తంగా కిందికి జారుతూనే చుట్టూ సమంగా పెరుగుతుంది. భూమ్యాకర్షణ దాని ఆకారాన్ని చెడగొట్టదు. బరువు ఏదైనా అన్నీ ఒకేలా పడతాయని గెలీలియో చెప్పిన మాటను ప్రతి దీపావళికీ మన మిద్దె మీదే చూస్తున్నామన్నమాట. చివర్లో ఆ బంతి కాస్త వంగిపోవడానికి కారణం గాలి.

అప్పటి నుంచి మేమిద్దరం చిన్న ప్రదర్శన ఒకటి కూర్చడం మొదలుపెట్టాం. మందు కలపడం మా పని కాదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బాణసంచా తయారుచేయడం నేరం. అంతకన్నా ముఖ్యంగా, కొన్ని మిశ్రమాలకు రాపిడి చాలు, నిప్పు కూడా అక్కర్లేదు. చిన్నప్పుడు పేలని టపాకాయలు విప్పి, మందంతా కాగితంలో పోసి అంటించేవాళ్ళం. ఒకసారి నా స్నేహితుడి కనుబొమ్మలు కాలిపోయాయి. కళ్ళు దక్కడం అదృష్టం. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే దుకాణంలో కొన్న షాట్లనే తెచ్చి, ఏది ముందు, ఏది వెనక, మధ్యలో ఎంత చీకటి అన్నది మాత్రమే నిర్ణయించుకుంటాం. ఇందులో కళంతా ఆ నిర్ణయంలోనే ఉందని నా నమ్మకం.

షాట్ లోపల జరిగేది కూడా కాలంతో ఆటే. గొట్టం అడుగున ఉన్న మందు అంటుకోగానే వేడి వాయువు ఉబ్బి గుండును పైకి తోస్తుంది. అదే క్షణంలో గుండులోని ఒత్తి కూడా రాజుకుంటుంది. ముప్పై మీటర్ల ఎత్తుకు వెళ్ళాలంటే గాలి సంగతి పక్కన పెడితే గుండు సెకనుకు సుమారు 24 మీటర్ల వేగంతో బయలుదేరాలి. పై కొసకు చేరేసరికి దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. ఒత్తి కూడా సరిగ్గా అంతసేపే కాలాలి. అక్కడ గుండు ఒక్క క్షణం ఆగినట్టుంటుంది, పువ్వు నిలకడగా విచ్చుకుంటుంది. ఒత్తి ముందే కాలిపోతే పువ్వు పైకి సాగుతుంది, ఆలస్యమైతే కిందికి వాలిపోతుంది. ఈ తేడా ఒకసారి గమనించడం మొదలుపెట్టారంటే ప్రతి షాట్‌లోనూ కనిపిస్తుంది.

ఇక రంగులు. ఎరుపుకు స్ట్రాన్షియం, పసుపుకు సోడియం, నీలానికి రాగి. వేడికి శక్తి పుంజుకున్న అణువులు మళ్ళీ సర్దుకునేటప్పుడు తమకు మాత్రమే సొంతమైన రంగులో వెలుగు విడుస్తాయి. కాకరపువ్వొత్తి బంగారు రవ్వల కథ వేరు. అవి ఎర్రగా కాగిన ఇనుప రజను, కొలిమిలో ఇనుము మెరిసినట్టే మెరుస్తాయి. ఆకుపచ్చకు ఎన్నో ఏళ్ళు బేరియం లవణాలే వాడారు. వాటిని వాడకూడదని సుప్రీంకోర్టు 2018లో చెప్పి, 2021లో మళ్ళీ గట్టిగా గుర్తుచేసింది.

అన్నిటికన్నా కష్టం నీలం. రాగి, క్లోరిన్ కలిసిన అణువు ఆ నీలాన్ని ఇస్తుంది, కానీ అది సున్నితమైనది. మంట చల్లగా ఉంటే వెలుగు చాలదు, మరీ వేడెక్కితే అణువే విరిగిపోతుంది. పైగా సోడియం రవంత కలిసినా దాని పసుపు నీలాన్ని మింగేస్తుంది. ఆకాశంలో మంచి నీలం కనిపిస్తే, ఎవరో కార్మికుడు ఎంత జాగ్రత్తగా మందు కలిపి ఉంటాడో అని నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మా నోటుబుక్కులో నీలం షాట్లు ఎప్పుడూ మొదటే ఉంటాయి. దానికి కారణం కన్ను. వెండి రంగులో పటపటలాడే షాట్ చూశాక కాసేపు కంటికి మసక రంగులు ఆనవు. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక వెండి షాట్ వెనకే నీలం పెట్టాం. "నీలం ఏదీ?" అని అందరూ అడిగారు. ఇప్పుడు నీలం తర్వాత బంగారు రంగు, ఆ తర్వాత పది సెకన్ల చీకటి, చిట్టచివరన వెండి. ఆ పది సెకన్లలో పిల్లలు టెన్షన్‌తో ఊపిరి బిగబడతారు.

తిరుపతిలో దీపావళి అంటే ఈశాన్య రుతుపవనాల కాలం. వాన పడకపోయినా గాలిలో తేమ ఉంటుంది. గాలి ఆడని రాత్రి మొదటి రెండు షాట్ల పొగే తెరలా నిలిచి మూడోదాన్ని కప్పేస్తుంది. అందుకే గాలి ఎటునుంచి వీస్తుందో ఆ వైపు నిలబడతాం, పొగ మా నుంచి దూరంగా పోతుంది. చెట్లకూ, గడ్డివాములకూ, కొండ అడవికీ దూరంగా ఉన్న ఖాళీ లేఅవుట్‌లోనే కాలుస్తాం. పక్కన రెండు బకెట్ల నీళ్ళుంటాయి. పేలని షాట్ మీదికి ఎవరూ వంగి చూడరు. కాసేపు ఆగి దూరం నుంచే నీళ్ళు పోసి తడిపేస్తాం.

మన జిల్లాకు ఇంకో గొప్ప తారాజువ్వ ఉంది. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో ఉండేది ఘన ఇంధనమే, సుమారు 138 టన్నులు. చిచ్చుబుడ్డిలోని సూరేకారం, బొగ్గు, గంధకం ఎంత పాతవో, రాకెట్‌లోని అమ్మోనియం పర్‌క్లోరేట్, అల్యూమినియం, రబ్బరు లాంటి ఇంధనం అంత కొత్తవి. సూత్రం మాత్రం రెండింటికీ ఒకటే: బయటి గాలితో పని లేకుండా, మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను మందు తనతోనే మోసుకెళ్తుంది. రాత్రి ప్రయోగమైతే మా మిద్దె మీది నుంచి తూర్పున నిప్పుచుక్క లేవడం కనిపిస్తుంది. శబ్దానికి ఆ దూరం రావాలంటే నాలుగు నిమిషాలకు పైగా కావాలి. అంతసేపు చెవి రిక్కించినా మాకు ఎప్పుడూ వినిపించలేదు.

పోయిన దీపావళికి ఆఖరి వెండి షాట్ పేలాక అందరూ చప్పట్లు కొట్టబోతుంటే మా పాప చెయ్యెత్తి ఆపింది. వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతోంది. ఆరు దగ్గర శేషాచలం వైపు నుంచి సన్నగా, ఎవరో తలుపు తట్టినట్టు, ఇంకో చప్పుడు వచ్చింది. శబ్దం సెకనుకు 340 మీటర్లు. ఆరు సెకన్లలో వెళ్ళి తిరిగొచ్చింది కాబట్టి అందులో సగం.

"కొండ కిలోమీటరు దూరంలో ఉంది మామా," అంది.