ఒక్కసారికే చెల్లే చీటీ: నొప్పి, మూర్ఛ, మనోవ్యాధి మందుల వెనుక చరిత్ర

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నొప్పి మాత్రల వాడకం గురించి మాట్లాడాలంటే ముందు బావినీళ్ళ గురించి మాట్లాడవలసి ఉంటుంది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న హెన్రీ షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో పళ్ళ మీద గోధుమరంగు గారతో మొదలై, వెన్నెముక కట్టెలా బిగుసుకుపోయేదాకా సాగుతున్న జబ్బుకు తాగునీటిలోని ఫ్లోరైడు కారణమని ఆ వ్యాసం వైద్యలోకానికి తెలియజేసింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి, 1972లో ప్రకాశం పంతులు పేరు పెట్టుకున్న కొత్త జిల్లాలో అవి చేరాయి. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు నివారణకు కేంద్రం 2008-09లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు తొలివిడత జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది. వ్యాసానికీ కార్యక్రమానికీ నడుమ డెబ్బై ఏళ్ళు గడిచిపోయాయి.

ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడును తీసివేసే మందు లేదు. నీళ్ళు మార్చుకోవచ్చు, తిండి మెరుగుపరచుకోవచ్చు గాని, బిగిసిన నడుమూ మోకాళ్ళూ తిరిగి వదులు కావు. అందువల్ల ఈ మెట్టప్రాంతంలో నొప్పి మాత్ర అనేది రెండు మూడు రోజుల అవసరంగా మిగలక ఏళ్ళ తరబడి సాగే అలవాటయింది. ఆర్ఎంపీ పొట్లం కట్టి ఇచ్చిన రంగురంగుల మాత్రల్లో నొప్పికి ఏది, గ్యాసుకు ఏది, స్టెరాయిడు ఏది అని అడిగేవారు తక్కువ. మూర్ఛ మందులది, మనోవ్యాధి మందులది కూడా ఇంచుమించు ఇదే దారి. ముందు మందు వచ్చింది, కొన్నేళ్ళకు దాని ప్రమాదం బయటపడింది, ఆ తర్వాత ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే పరీక్ష వచ్చింది. ఆ పరీక్షను వేళకు చేయించే ఏర్పాటు మాత్రం మండల కేంద్రం దాకా రాలేదు.

నొప్పి మందుల వల్ల కిడ్నీలు చెడిపోతాయన్న సంగతి కొత్తగా కనుగొన్నది కాదు. 1887లో వాడుకలోకి వచ్చిన ఫినాసిటిన్ దశాబ్దాల పాటు తలనొప్పి మాత్రగా చెలామణి అయిన తర్వాత, 1953లో స్విట్జర్లాండ్ వైద్యులు స్ప్యూలర్, జొలింగర్ నొప్పి మాత్రలకు అలవాటుపడినవారి మూత్రపిండాల్లో ఒక ప్రత్యేకమైన జబ్బును వర్ణించారు. మన దేశం ఫినాసిటిన్‌ను 1983లో నిషేధించేనాటికి ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి దాని స్థానాన్ని ఆక్రమించాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తప్రసారం నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. ఈ మాత్రలు నొప్పిని తగ్గించేది వాటి తయారీని అడ్డుకునే. కాబట్టి రోహిణి కార్తె ఎండలో చెమటోడ్చి పనిచేసే మనిషి, అందులోనూ బీపీకి మాత్రలు, ఒంటినీరు తీసే మాత్రలు వేసుకునే మనిషి, వాటికి డైక్లోఫెనాక్ కూడా జోడిస్తే కిడ్నీ మీద మూడువైపుల నుంచీ ఒత్తిడి పడుతుంది. తొలి రోజుల్లో ఈ నష్టం బయటికి కనిపించదు, కిడ్నీలు బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం రక్తంలో ఎంత ఉందో చూస్తే తప్ప తెలియదు. గుండెపోట్ల ముప్పు పెంచుతున్నదని తేలి 2004లో ప్రపంచమంతటా ఉపసంహరించుకున్న రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందు ఉదంతం ఈ తరగతి మందులపై కొంత చర్చ లేపింది గాని, దాని ఫలితంగా మన పల్లెల్లో పొట్లాలు మారిన దాఖలా లేదు.

మూర్ఛ మందుల చరిత్ర ఇంతకంటే ఆసక్తికరమైనది. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే యువ వైద్యుడు, నిద్ర కోసం ఫినోబార్బిటాల్ ఇచ్చిన రోగులకు ఫిట్స్ తగ్గడం గమనించాడు. 1938లో మెరిట్, పట్నం అనే అమెరికన్ వైద్యులు ఫినైటోయిన్‌ను తెచ్చారు. మన ఇళ్ళల్లో ఎప్టాయిన్ పేరుతో పరిచయమైన మందు ఇదే. దీని ప్రవర్తన విచిత్రమైనది. ఒక మోతాదు దాటిన తర్వాత దీన్ని విరిచి బయటికి పంపే శక్తి కాలేయానికి చాలదు కాబట్టి, మాత్రను కొద్దిగా పెంచినా రక్తంలో స్థాయి అంతకు మించి బాగా పెరిగి, మనిషి తాగినవాడిలా తూలడం, చూపు చెదరడం మొదలవుతుంది. మిల్లీలీటరు రక్తరసంలో 10 నుంచి 20 మైక్రోగ్రాముల నడుమ ఉండవలసిన మందు ఇది. 1968లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫినైటోయిన్ వాడుతున్నవారు ఉన్నట్టుండి విషలక్షణాలతో ఆసుపత్రులకు వచ్చారు. విచారిస్తే, మందు మోతాదు మారలేదు, క్యాప్సూల్ గొట్టంలో నింపుడు పొడిగా వాడే కాల్షియం సల్ఫేట్ బదులు తయారీదారు లాక్టోజ్ వాడినందువల్ల మందు ఒంట్లోకి ఎక్కువగా చేరిందని తేలింది. ‘ఆ కంపెనీ లేదు, ఇదీ అదే మందు’ అని షాపులో వేరే పట్టీ చేతిలో పెట్టినప్పుడు చాలా మందులకు నష్టం లేకపోవచ్చు. మూర్ఛ మందు విషయంలో మాత్రం ఆ మార్పు డాక్టరుకు తెలియాలి.

సోడియం వాల్‌ప్రోయేట్ ఫ్రాన్సులో 1967లో మార్కెట్లోకి వచ్చింది. మూర్ఛకూ, మానసిక ఉద్రేకాలకూ ఇచ్చే ఈ మందును గర్భంతో ఉండగా వాడితే, వందమంది శిశువుల్లో సుమారు పదిమందికి పుట్టుకతోనే అవయవలోపాలు, ముప్పై నుంచి నలభై మందికి ఎదుగుదలలోనూ నేర్చుకోవడంలోనూ ఇబ్బందులు రావచ్చని తేలేసరికి అర్ధశతాబ్దం పట్టింది. 2018లో బ్రిటన్, గర్భనివారణకు పక్కా ఏర్పాటు లేనిదే పిల్లలు కలిగే వయసు స్త్రీలకు దీన్ని ఇవ్వకూడదని కట్టడి చేసింది. మన దగ్గర చిక్కు మరోచోట ఉంది. అమ్మాయికి ఫిట్స్ ఉన్న సంగతి పెళ్ళిచూపుల నాడు దాచడం, అత్తారింట్లో మాత్ర చాటుగా మింగడం లేదా మానేయడం కొత్త కాదు. హిందూ వివాహ చట్టంలో వివాహానికి అడ్డంకిగా పేర్కొన్న మూర్ఛను 1999లో సవరణ ద్వారా తొలగించినా, ఆ భయం ఇళ్ళను వదలలేదు. దాచిపెట్టి వాడే మందును డాక్టరు కాన్పుకు ముందే మార్చే అవకాశం ఉండదు, హఠాత్తుగా ఆపితే ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. సురక్షితమైన మార్పు జరగాలంటే పెళ్ళి మాటలు మొదలైనప్పుడే నరాల డాక్టరును కలవాలి. సిగ్గుపడవలసిన సందర్భం అసలు అది కాదు.

మనోవ్యాధి మందుల్లో పర్యవేక్షణ అనే ఆలోచనకు పుట్టిల్లు లిథియం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాద రోగులకు దాన్ని ఇచ్చి ఆశ్చర్యకరమైన ఫలితం చూశాడు, మరుసటి ఏడే ఆయన మొదటి రోగి ఆ మందు విషమించి మరణించాడు. అక్కడితో లిథియం కథ ముగిసిపోయేదే గాని, మెల్‌బోర్న్‌లోనే ఎడ్వర్డ్ ట్రాట్నర్, ఆయన సహచరులు రక్తంలో స్థాయిని కొలుస్తూ ఇస్తే దాన్ని క్షేమంగా వాడవచ్చని 1951 నాటికి చూపించారు. లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు మందుగా పనిచేసేది, 1.5 దాటితే విషమవుతుంది. ఇంత ఇరుకైన హద్దుల్లో నడిచే మందుకు నెల్లూరు వేసవి అనువైన కాలం కాదు. చెమటతో ఉప్పు పోయినకొద్దీ కిడ్నీ లిథియాన్ని బయటికి పంపక పట్టి ఉంచుతుంది. దానికి తోడు నొప్పి మాత్రలు కూడా అదే పని చేస్తాయి. మోకాళ్ళ నొప్పికి ఆర్ఎంపీ ఇచ్చిన పొట్లం, మానసిక వైద్యుడు ఇచ్చిన లిథియం ఒకే మనిషి కడుపులో కలిసేదాకా, ఇద్దరిలో ఎవరికీ రెండోవారు ఉన్నారని తెలియకపోవచ్చు.

క్లోజపిన్ మరో పాఠం. 1975లో ఫిన్లాండులో దీన్ని వాడుతున్న కొందరిలో తెల్లరక్తకణాలు పడిపోయి ఎనిమిది మంది మరణించగా చాలా దేశాలు మందును పక్కన పెట్టేశాయి. మరే మందుకూ లొంగని స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మనోవ్యాధికి ఇది పనిచేస్తుందని 1988లో రుజువైన తర్వాత, రక్తపరీక్ష నివేదిక చూపిస్తేనే మాత్రలిచ్చే షరతుతో తిరిగి వచ్చింది. బ్రిటన్‌లో మొదటి 18 వారాలు వారంవారం పరీక్ష తప్పనిసరి. పరీక్ష ఫలితాలను ఒకేచోట నమోదు చేయాలన్న నిబంధనను అమెరికా 2025లో ఎత్తివేసినా, కణాల లెక్క చూస్తుండాలన్న వైద్య సలహా మారలేదు. మన దేశంలో ఈ బాధ్యతంతా డాక్టరు మీద, రోగిని వెంటబెట్టుకొని తిరిగే కుటుంబం మీద పడింది.

ఇక చట్టాల సంగతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మార్ఫిన్‌ను ఎంత గట్టిగా బిగించిందంటే, దుర్వినియోగం సంగతి అటుంచి, క్యాన్సర్ రోగులకు కూడా అది దొరకకుండా పోయింది. 2014 సవరణతో గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు కొంత వెసులుబాటు కలిగింది. అదే ఏడాది మార్చి 1 నుంచి అమలైన హెచ్1 షెడ్యూలు ఆల్ప్రజోలమ్, డయాజిపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ వంటి 46 మందుల అమ్మకాలను ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలని మెడికల్ షాపులను ఆదేశించింది. ట్రమడాల్ 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకీ వచ్చింది. ఇవన్నీ అవసరమైనవే, అయితే ఇవి మాత్ర ఎవరి చేతికి పోయిందో రాసుకుంటాయి తప్ప, అది మింగిన మనిషి ఏమయ్యాడో అడగవు. పదేళ్ళుగా నిద్రమాత్ర వేసుకుంటున్న వృద్ధురాలికి తనిఖీల భయంతో షాపువాడు ఉన్నట్టుండి ‘లేదు’ అంటే, నెమ్మదిగా తగ్గించవలసిన మందు ఒక్కరోజులో ఆగిపోయి, వణుకూ ఒక్కోసారి ఫిట్సూ రావచ్చు. ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ కనిపించదు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి 2010లో మొదలైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో రోగి స్వయంగా కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆ నంబరు పెద్దక్షరాల్లో గోడ మీద కనిపించవలసిన చోటు మెడికల్ షాపే.

మనోవ్యాధికి వైద్యం అంటే నెల్లూరు వాళ్ళకు చాలాకాలం పాటు రైలెక్కి చెన్నై వెళ్ళడమే. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉమ్మడి రాష్ట్రంలో తొలుత మెదక్‌కు వచ్చింది, ఈ జిల్లాల వంతు ఆ తర్వాతే. 2022 అక్టోబరులో 14416 నంబరుతో, ఫోనులో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలి-మానస్ మొదలయ్యాక సలహా కొంత దగ్గరయింది. అయినా చెన్నై డాక్టరు రాసిన చీటీని ప్లాస్టిక్ కవరులో దాచుకొని ఊళ్ళోని షాపులో ఏళ్ళ తరబడి అవే మాత్రలు కొనుక్కునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి నెలా అంత దూరం పోలేరు కనుక వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం, మళ్ళీ ఇవ్వవచ్చని డాక్టరు ప్రత్యేకంగా రాయకపోతే ఇటువంటి మందుల చీటీ ఒక్కసారికే చెల్లుతుంది. ఎన్నిసార్లు, ఎంత వ్యవధికి ఒకసారి ఇవ్వాలో రాసే అధికారాన్ని కూడా ఆ నియమమే డాక్టరుకు ఇచ్చింది. క్రియాటినిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఉచిత పరీక్షల జాబితాలో ఉంది. మూడు నెలలకు మాత్రలు రాసి, నాలుగో నెల మందుకు ముందు ఊరి ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించి ఫలితం ఫోనులో చెప్పాలని అదే చీటీ మీద ఇంకొక్క వాక్యం తెలుగులో రాయడానికి కొత్త చట్టమేదీ రానక్కరలేదు.