ప్రీమియంలో కనబడని ఖర్చు: హైదరాబాద్ కుర్రాళ్లు, మోడిఫైడ్ కార్లు, బీమా

హైదరాబాద్‌లో కారు కొన్న కుర్రాళ్లలో చాలామందికి షోరూం నుంచి వచ్చిన బండిని అలాగే ఉంచడం నచ్చదు. రాణిగంజ్, పుత్లీబౌలి షాపులన్నీ తిరిగి పెద్ద అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు వేయిస్తారు. ఇంకాస్త మోజు ఉన్నవాళ్లు ఎగ్జాస్ట్ మారుస్తారు, స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించుతారు, ఈసీయూ రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించి, పవర్ పెంచుకుంటారు. ఆ తర్వాత అడిగే ప్రశ్న: దీనివల్ల ఇన్సూరెన్స్ పెరుగుతుందా?

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లల్ని అడిగితే పెద్ద కథే చెబుతారు. అక్కడ ఇరవై ఏళ్ల లోపు డ్రైవరు కట్టే ప్రీమియం పెద్దవాళ్లు కట్టేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కారుకు మార్పులు చేశామని చెబితే అది ఇంకా పెరుగుతుంది, కొన్ని కంపెనీలు పాలసీయే ఇవ్వవు. హైదరాబాద్‌లో మాత్రం అదే వయసు కుర్రాడు ట్యూనింగ్ చేయించిన కారుకూ, యాభై ఏళ్ల ఉద్యోగి మామూలుగా నడుపుకునే అదే మోడల్ కారుకూ ప్రీమియం దాదాపు ఒకటే. ఇది మన అదృష్టం అనుకునేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, ప్రీమియం కట్టే రోజు నుంచి క్లెయిమ్ చేసే రోజుకు జరిగింది. ఎందుకు జరిగిందో తెలియాలంటే ఈ దేశంలో మోటారు బీమా ఎలా పెరిగిందో చూడాలి.

మోటారు బీమాను చట్టం తప్పనిసరి చేసింది కారు యజమాని కోసం కాదు, ఆ కారు ఎవరిని గుద్దుతుందో వాళ్ల కోసం. బ్రిటన్‌లో 1930 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. మన దగ్గర 1939 మోటారు వాహనాల చట్టంలోకి అదే పద్ధతి వచ్చింది, బీమా అధ్యాయం మాత్రం 1946 జూలై 1 నుంచి అమలైంది. ఇప్పుడున్న 1988 చట్టంలో అది 146వ సెక్షన్. ఇంతవరకు రెండు దేశాలదీ ఒకే బాట. బ్రిటన్‌లో కంపెనీలు పోటీ పడి ధరలు పెట్టుకున్నాయి కాబట్టి బండి ఎవరు నడుపుతున్నారు, వాళ్ల వయసెంత, ఎక్కడ ఉంటారు అని ఆరా తీయడం వాటికి అవసరమైంది. మనం వేరే దారి పట్టాం.

1973 జనవరి 1న జనరల్ ఇన్సూరెన్స్ జాతీయమైంది. 107 కంపెనీలు కలిసిపోయి నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు ప్రభుత్వ కంపెనీలయ్యాయి. రేట్లు నిర్ణయించే పని టారిఫ్ అడ్వైజరీ కమిటీది. కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా ఒకటే పట్టిక, నాలుగు కంపెనీల్లో ఎక్కడికెళ్లినా అదే రేటు. పోటీ లేనప్పుడు డ్రైవరు గురించి తెలుసుకోవాలన్న ఆరాటం ఎవరికుంటుంది?

ఆ పద్ధతి చివరి రూపం 2002 జూలై 1న అమల్లోకి వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్. ఇవాళ్టి పాలసీల్లో కనిపించే నిబంధనల్లో చాలావరకు అక్కడివే కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సొంత కారుకు జరిగే నష్టానికి, అంటే ఓన్ డ్యామేజ్‌కు, రేటు మూడు విషయాల మీద ఆధారపడేది: బండి ఎక్కడ రిజిస్టరైంది, ఇంజిన్ ఎన్ని సీసీ, బండి వయసెంత. హైదరాబాద్‌ను మరో ఏడు పెద్ద నగరాలతో కలిపి ‘ఎ’ జోన్‌లో పెట్టారు. మిగతా దేశమంతా ‘బి’ జోన్. హైదరాబాద్‌లో రిజిస్టరైన, ఐదేళ్ల లోపు వయసున్న, 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కారుకు ఐడీవీలో, అంటే బీమా కోసం కారుకు కట్టిన విలువలో, 3.283 శాతం. అదే కారు విజయవాడలో రిజిస్టరైతే 3.191 శాతం. పది లక్షల ఐడీవీ మీద తేడా 920 రూపాయలు. నగరపు ట్రాఫిక్‌కు ఆ పట్టిక కట్టిన వెల అంతే.

నడిపేవాడి వయసు ఆ మూడింటిలో లేదు. పైగా డ్రైవర్ క్లాజ్ ఏమంటుందంటే, చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉన్నవాళ్లు యజమానితో సహా ఎవరైనా నడపవచ్చు. నాన్న పేరు మీద కారు, నాన్న పేరు మీద పాలసీ, రోజూ నడిపేది పందొమ్మిదేళ్ల కొడుకు: మన ఇళ్లలో ఇది మామూలు సంగతి, పాలసీకి కూడా అభ్యంతరం లేదు. బ్రిటన్‌లో కొడుకు నడిపే కారుకు తండ్రిని ప్రధాన డ్రైవరుగా చూపిస్తే దాన్ని మోసంగా లెక్కగడతారు.

మార్పుల సంగతి ఇంకా ఆసక్తికరం. కారుతో పాటు రాని ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువులకు విలువలో 4 శాతం అదనంగా కట్టాలని టారిఫ్ చెప్పింది. 50 వేల రూపాయల మ్యూజిక్ సిస్టమ్‌కు 2,000 రూపాయలు. బయట వేయించిన గ్యాస్ కిట్‌కూ విలువలో 4 శాతమే, థర్డ్ పార్టీ కింద మరో 60 రూపాయలు. అల్లాయ్ వీల్స్ లాంటివాటి ధర ఐడీవీకి కలుస్తుంది. పట్టిక దృష్టిలో మార్పు అంటే కారులో చేరిన అదనపు ఆస్తి. దానివల్ల బండి ప్రవర్తన మారుతుందా, ప్రమాదం పెరుగుతుందా అన్నది దాని లెక్కలో లేదు. రీమ్యాప్ చేయిస్తే కారులో కొత్త వస్తువేదీ చేరదు, సాఫ్ట్‌వేర్ మారుతుంది, అంతే. దాన్ని రాసుకోవడానికి ఆ పట్టికలో గడి లేదు. ఎగ్జాస్ట్ బిగిస్తే వచ్చే చప్పుడుకూ, కిందికి దించిన సస్పెన్షన్‌కూ లేదు.

బీమా ఈ సంగతుల్ని చూడనట్టు ఉంటే, మరోవైపు మోటారు చట్టం బిగుసుకుంటూ వచ్చింది. 1988 చట్టం మొదట్లో ఇంత కఠినం కాదు. ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చాలనుకుంటే రిజిస్టరింగ్ అధికారికి తెలిపి అనుమతి తీసుకోవాలి. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే. నాకు అది సబబైన ఏర్పాటు అనిపిస్తుంది, అడిగే దారి ఒకటి ఉండేది. 2000లో 52వ సెక్షన్‌ను సవరించారు. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చనే కూడదన్నారు. గ్యాస్, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మార్చే కిట్లకు మాత్రం షరతులతో వెసులుబాటు ఇచ్చారు. అంతకుముందు మారుతి వ్యాన్లలో వంటగ్యాస్ సిలిండర్లు పెట్టుకుని తిరిగిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ వెసులుబాటు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే. 2012లో సుప్రీంకోర్టు అద్దాల మీద నల్ల ఫిల్మ్‌లు తీసేయమంది. 2017 డిసెంబరులో కేంద్రం కార్లకు ముందు బిగించే బుల్ బార్లు వద్దంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో 52వ సెక్షన్‌కు స్పష్టమైన అర్థం చెప్పింది: తయారీదారు ఇచ్చిన మూల స్పెసిఫికేషన్లను మార్చకూడదు. ఆర్‌సీలోని మిగతా వివరాలను పద్ధతి ప్రకారం నమోదు చేయించుకుని మార్చుకోవచ్చు. అదే ఏడాది చట్ట సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

కారును తన ఇష్టప్రకారం చేయించుకోవడం హైదరాబాద్‌కు కొత్త సరదా కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను సింహాసనం లాంటి సీటుతో ప్రత్యేకంగా చేయించమని ఆర్డరిచ్చారు. ఆ పసుపు కారును చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు, కెమెరా, బర్గర్ ఆకారాల్లో నడిచే కార్లున్నాయి. ఇంత అభిరుచి ఉన్న నగరంలో కుర్రాళ్లను దొంగచాటుగా మార్పులు చేయించుకునే స్థితికి నెట్టడం నాకు బాధగానే ఉంటుంది.

బీమా వైపు అసలు మలుపు 2007లో వచ్చింది. అప్పటికి ప్రైవేటు కంపెనీలు వచ్చేశాయి. వాటిని అదుపులో పెట్టడానికి 1999 చట్టంతో ఏర్పడిన ఐఆర్‌డీఏ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మారింది. బషీర్‌బాగ్‌లోని పరిశ్రమ భవన్‌లో మొదలై, ఇప్పుడు ఐఆర్‌డీఏఐ పేరుతో నానక్‌రాంగూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ రేట్లను కంపెనీల ఇష్టానికి వదిలారు, థర్డ్ పార్టీ రేటు మాత్రం ప్రభుత్వ వ్యవస్థ చేతిలోనే ఉంది. పోటీ వచ్చింది, డిస్కౌంట్లు వచ్చాయి. కానీ ఆ పోటీ ప్రధానంగా మోడల్, ఊరు, పాత క్లెయిములు చూసి తగ్గింపులు ఇవ్వడం మీదే నడిచింది. డ్రైవరు వయసు అడిగి కుర్రాళ్లకు ఎక్కువ వేయడం ఇక్కడ అలవాటు కాలేదు.

థర్డ్ పార్టీలో ఇప్పటికీ సీసీయే కొలత. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ వరకు 2,094 రూపాయలు, 1,500 వరకు 3,416, ఆ పైన 7,897. రీమ్యాప్‌తో బండి పవర్ ఎంత పెరిగినా సీసీ మారదు కాబట్టి ఈ రేటూ మారదు.

రోడ్డు మీద ప్రమాదం మాత్రం వయసు చూస్తూనే ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో 66.5 శాతం 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. పద్దెనిమిది నిండని పిల్లాడి చేతికి తాళాలిస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు.

ఇప్పుడు క్లెయిమ్ రోజుకు వద్దాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరవై రెండేళ్ల కుర్రాడి కారు డివైడర్‌ను గుద్దిందనుకుందాం. నష్టం 50 వేలు దాటితే నష్టం అంచనా వేసే, లైసెన్స్ ఉన్న సర్వేయర్ వచ్చి చూడాలి. కంపెనీ సైజు కాని టైర్లు, మార్చిన ఎగ్జాస్ట్, దించిన స్ప్రింగులు ఆయన ఫొటోల్లో పడతాయి. పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో ఇవేవీ రాయలేదు. రాసి ఉంటే? చట్టం వద్దన్న మార్పును తనే ఒప్పుకున్నట్టు అయ్యేది, కంపెనీ దాన్ని పాలసీలో ఎక్కించడానికి సిద్ధంగానూ ఉండేది కాదు. చెప్పినా ఇబ్బందే, చెప్పకపోయినా ఇబ్బందే. ఈ విషయంలో నాకున్న అసలు కోపం ఇదే. ఏటా ప్రీమియం తీసుకునేటప్పుడు ఏమీ అడగని వ్యవస్థ, డబ్బు ఇవ్వాల్సిన రోజున అన్నీ అడుగుతుంది.

అయినా కంపెనీ కాదనగానే చేతులెత్తేయాల్సిన పనిలేదు. సొంత కారును కిరాయికి తిప్పిన కేసుల్లో సుప్రీంకోర్టు 2008లో నితిన్ ఖండేల్‌వాల్ తీర్పులో, 2010లో అమలేందు సాహూ తీర్పులో, షరతు ఉల్లంఘన జరిగినా క్లెయిమ్‌ను పూర్తిగా తిరస్కరించకుండా నాన్ స్టాండర్డ్ పద్ధతిలో 75 శాతం ఇవ్వవచ్చన్న దారి చూపించింది. మ్యూజిక్ సిస్టమ్ మార్చినందుకు వెనక నుంచి లారీ గుద్దిన క్లెయిమ్‌ను ఆపితే ఈ తీర్పులు చూపించి వాదించవచ్చు. సస్పెన్షన్ దించిన బండి మలుపులో అదుపు తప్పితే వాదన అంత తేలిక కాదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్‌, దగ్గరకు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఖర్చు లేదు, 2023 నవంబరు నుంచి 50 లక్షల దాకా అధికారం ఉంది.

ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే లెక్క వేరు. బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీ చెప్పగల కారణాలను చట్టమే పరిమితం చేసింది. ఆ జాబితాలో ‘కారుకు మార్పులు చేశారు’ అన్నది విడిగా లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్నదీ, పందేల్లో, స్పీడ్ టెస్టుల్లో వాడారన్నదీ ఉన్నాయి. రాత్రిళ్లు ఖాళీ రోడ్ల మీద పందేలు పెట్టుకునేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

వ్యవస్థ కదలడం లేదని అనను. 2021 జనవరిలో ఐఆర్‌డీఏఐ వర్కింగ్ గ్రూపు ఒకటి, ట్రాఫిక్ ఉల్లంఘనలను బట్టి ప్రీమియంలో కొత్త భాగం చేర్చాలని సిఫార్సు చేసింది. 2022 జూలైలో ‘నడిపినంతకే కట్టు’, ‘నడిపే తీరును బట్టి కట్టు’ అనే పద్ధతులకు ఓన్ డ్యామేజ్‌లో అనుమతి వచ్చింది. జాగ్రత్తగా నడిపే ఇరవై ఏళ్లవాళ్లకు ఇది నిజంగా మేలు, వయసు చూసి శిక్షించే బ్రిటన్ పద్ధతి కంటే న్యాయం కూడా. అయితే ఈ పద్ధతులు చూసేది ఎంత దూరం నడిపారు, ఎంత స్పీడులో పోయారు, బ్రేకులు ఎలా వేశారు అన్నదే. కారుకు ఏం బిగించారన్నది ఇందులోనూ లేదు. ఏ మార్పు ప్రమాదం లేనిది, ఏది పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది, ఏది అసలే కుదరదు అని రవాణా శాఖా ఐఆర్‌డీఏఐ కలిసి ఒక జాబితా ఇవ్వాలి. పరీక్షలో నెగ్గిన మార్పును ఆర్‌సీలో ఎక్కించాలి, దానికి తగ్గ అదనపు ప్రీమియం ఎంతో పాలసీలో రాయాలి. గ్యాస్ కిట్ల విషయంలో ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నది అదే.