మంచుని గిద్దతో కొలిస్తే

సంక్రాంతికి దిండి వెళ్లినప్పుడు తీసిన ఫోటో ఒకటి చూసి, అమలాపురంలో డిగ్రీ చదివే కుర్రాడు అడిగాడు: "మాస్టారండీ, ఆ కాలవ గట్టు, ఆ మంచు నేనూ తీశానండి. కాస్త కాంట్రాస్ట్ పెంచేసరికి నా ఆకాశం చారలు కట్టేసింది. మీకు వెనకాల చెట్లు కూడా ఎలా తేలాయండి?" నేను తీసింది రా ఫైలు, అంటే కెమెరాలో వెలుగుని కొలిచే సెన్సర్ ఇచ్చిన అంకెలు ఉన్నవున్నట్టు దాచేది. అతను తీసింది జేపెగ్, అంటే ఆ అంకెల్ని కుదించి కెమెరా తయారుచేసిచ్చే మామూలు ఫోటో ఫైలు. జవాబు ఇంత చిన్నదే అయినా, దాని వెనక ఉన్న లెక్క చెప్పకుండా వదిలేయడానికి నాకు మనసొప్పదు.

ముందు మంచు సంగతి. ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. పక్కనే కాలవలు, దాళ్వా ఊడ్పులకి నీరు పెట్టిన చేలు. తేమకి కొదవేముంది? అదే సన్నటి నీటి బొట్లుగా మారుతుంది. మంచంటే నీటి ఆవిరి అని కొన్నిచోట్ల పిల్లలకి చెబుతుంటారు. ఆవిరి కంటికి కనబడదు, కనబడేది బొట్లే. ఈ తేడా దగ్గర ఒక పీరియడ్ ఖర్చయినా ఫర్వాలేదు. బొట్టు కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా చెదరగొడుతుంది, అందుకే మంచు తెల్లన. తెల్లారుజామున చేల మీద కదిలే గుండ్రటి వెలుగుని మా మామ్మ కొరివి దెయ్యం అనేది. నీరు కట్టడానికి వెళ్లే రైతు చేతిలో లైటు చుట్టూ ఉన్న బొట్లన్నీ వెలిగితే అచ్చం అలాగే ఉంటుంది.

ఇక లెక్క. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్లు, అంటే నలుపు నుంచి నిండు వెలుగు దాకా 256 మెట్లు. నా కెమెరా రా ఫైలులో 14 బిట్లు, 16,384 మెట్లు. భాగిస్తే 64. ఇప్పుడు మన పాత కొలతలు గుర్తు చేసుకోండి: 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 2 మానికలు అడ్డ, 2 అడ్డలు కుంచం. గుణించండి, కుంచానికి సరిగ్గా 64 గిద్దలు! జేపెగ్ వెలుగుని కుంచంతో కొలుస్తుంది, రా గిద్దతో కొలుస్తుంది. కుంచం నిండని గింజలు లెక్కలోకే రావు.

ఇందులో ఒక మెలిక ఉంది. జేపెగ్ కుంచాలన్నీ ఒక్క సైజు కాదు. మన కన్ను చీకట్లో చిన్న తేడాల్ని బాగా పట్టుకుంటుంది కాబట్టి అక్కడ చిన్న కుంచం, వెలుగులో పెద్ద కుంచం వాడతారు. మంచు ఉండేది వెలుగు వైపే. సెన్సర్ గరిష్ఠ వెలుగులో 40 నుంచి 60 శాతం మధ్య మంచంతా ఇరుక్కుందనుకుంటే, జేపెగ్‌లో దానికి దక్కేవి సుమారు 34 మెట్లు, రాలో 3,270 పైచిలుకు. కాంట్రాస్ట్ పెంచడమంటే ఆ కాస్త మేరనీ నలుపు నుంచి తెలుపు దాకా సాగదీయడం. 34 మెట్లని సాగదీస్తే ప్రతి మెట్టూ ఒక చారగా కనబడుతుంది. కుర్రాడి ఆకాశంలో జరిగింది అదే.

గట్టు మీద కొబ్బరిచెట్లు వరుసగా ఉన్నాయి. మంచులో దూరం పెరిగేకొద్దీ కాంట్రాస్ట్, అంటే చెట్టుకీ దాని వెనక మంచుకీ మధ్య వెలుగు తేడా, ఒకే నిష్పత్తిలో తరుగుతుంది. చెట్టు చెట్టుకీ 80 శాతమే మిగులుతుందనుకుందాం. అప్పుడు 20వ చెట్టు దగ్గర మిగిలేది 1.15 శాతం. సగం వెలుగులో ఉన్న మంచు మీద ఆ తేడా రాలో 94 గిద్దలు. ఆ వెలుగు దగ్గర జేపెగ్ కుంచానికి 97 గిద్దలు పడతాయి. కుంచం నిండలేదు, చెట్టు పోయింది! రాలో ఒక్కో పిక్సెల్‌కీ నాయిస్, అంటే అంకె కాస్త అటూ ఇటూ ఊగడం, ఉంటుంది, నిజమే. కానీ చెట్టు వేల పిక్సెళ్లని కప్పుతుంది, సగటున ఆకారం నిలబడుతుంది.

 

ఫోటోని సవరించడమంటే అబద్ధం చెప్పడమే అని చాలామంది నమ్మకం. ఎంత దూరం కనబడుతుందో చెప్పే దృశ్యత లెక్కల్లో కంటి హద్దుని సాధారణంగా 2 శాతం కాంట్రాస్ట్ దగ్గర గీస్తారు. మన 80 శాతం లెక్కలో 17వ చెట్టు దాటగానే ఆ హద్దు వచ్చేస్తుంది. ఆ ఉదయం గట్టు మీద నిలబడి నేను లెక్కపెట్టిన చెట్లు 17. రా ఫైలులో కర్వ్‌ని, అంటే ఏ వెలుగుని ఎంతగా చూపాలో చెప్పే గీతని, సాగదీశాక 23 తేలాయి. మధ్యాహ్నం మంచు విడిచాక తీసిన ఫోటో పక్కన పెట్టి చూశాను. ఆ ఆరు చెట్లూ అక్కడే ఉన్నాయి, ఒకటి కాలవ వైపు వంగి.